గొడుగు మామయ్యా, పరుగెత్తే శాటిలైట్లూ

మా బావమరిది ఏ కొత్త చోట బండి దిగినా ముందు తన నీడ ఎటు పడిందో చూసుకుంటాడు. తర్వాత చేతి గడియారం చూస్తాడు. ఆ తర్వాత కుడిచెయ్యి చాచి ఆకాశంలో ఒక చోటు చూపించి, "అదిగో, అక్కడుంది" అంటాడు. మనం అటు చూస్తే ఏమీ ఉండదు. కాకి కూడా ఉండదు. కానీ ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా ఆ వేలు చూపించిన దారిలోనే ఒక శాటిలైట్ ఉంటుంది. భూమితో పాటు అదీ సమానంగా తిరుగుతుంది కాబట్టి, కింద నుంచి చూసేవాళ్ళ లెక్కలో అది మేకు కొట్టి తగిలించినట్టు ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు అతని ఉద్యోగం ఆ శాటిలైట్‌కి ఎదురుగా, ఆఫీసుల కంప్యూటర్లని కలిపే డిష్‌లు నిలబెట్టడం. బ్యాంకుల మేడల మీద, గోదాముల రేకుల మీద, ఓడరేవు ఆఫీసుల మీద. డిష్ అంటే చూడ్డానికి తిరగేసిన గొడుగే కదా. అందుకే అతను పిల్లలకి గొడుగు మామయ్య, నాకు ఉత్త గొడుగు. డిష్ వేలెడు పక్కకి తిరిగిందంటే అంతే, మొత్తం పోతుంది. ఒక చేత్తో డిష్ అంచు పట్టుకుని, రెండో చేత్తో నట్టు బిగిస్తూ, సిగ్నల్ చెప్పే మీటరు కూత వింటూ, ఊపిరి కూడా బిగబట్టేవాడు. కూత సన్నబడి సన్నబడి ఒక్క దారంలా సాగినప్పుడు వదిలేవాడు ఊపిరి. పనిలో నిజంగా గట్టివాడు.

ఆ నిజం చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకునే మనిషిని కాను. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడినవాళ్ళని సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు. గాలివానకి డిష్ ఎగిరిపోతే మా గొడుగు ఒక మూకుడు మూతని గరిటెకి కట్టి, దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి సాయంత్రం దాకా బ్యాంకు నడిపించాడని చెప్పేవాణ్ణి. అతను పడుకున్న మంచం ఎటు తిప్పి వేసినా తెల్లారేసరికి తల మాత్రం శాటిలైట్ వైపే ఉంటుందని చెప్పేవాణ్ణి. మొదట్లో అతను సిగ్గుపడి, "బావా, మరీ అంత లేదు" అనేవాడు. కొన్నేళ్ళకి కాదనడం మానేశాడు. ఇంకొన్నేళ్ళకి నేను మర్చిపోయిన వివరాలు తనే అందించడం మొదలుపెట్టాడు. "మూకుడు కాదు బావా, పాలగిన్నె మూత" అని.

మా అమ్మాయి ఈ కథలు వింటూ పెరిగింది.

తర్వాత ఊళ్ళల్లోకి ఇంటర్నెట్ కేబుళ్ళు వచ్చాయి. డిష్‌లు దింపేశారు. దింపిందీ అతనే. చివరి ఏడాదంతా తను నిలబెట్టినవన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, నంబరు వేసి, లారీ ఎక్కించి, ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఒంటరి మనిషి. మా పక్క వీధే. మా ఆవిడ తమ్ముణ్ణి చూసొచ్చి ఒకరోజు అంది: "ఏమండీ, వాడు మేడెక్కి ఊరికే పైకి చూస్తూ కూర్చుంటున్నాడండీ. పిలిస్తే పలకడం లేదు."

అప్పుడు మా అమ్మాయే దారి చూపించింది.

అమ్మాయి కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్. వార్డులో చీటీలు రాసే కౌంటరు దగ్గర ఆరేళ్ళు కూర్చుని, మూడేళ్ళు అడిగి అడిగి, చివరికి వ్యాన్ మీదకి వెళ్ళింది. జనం దాన్ని కళ్ళ వ్యాన్ అంటారు. ఫోన్ సిగ్నల్ కూడా అందని దూరపు కాలనీలకి, గనుల దగ్గరి ఇళ్ళకి, పడవల రేవులకి అది పదిహేను రోజులకోసారి వెళ్తుంది. షుగరు ఉన్నవాళ్ళ కంటి వెనక పొరని అమ్మాయి ఫోటో తీస్తుంది. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరు గారు అప్పటికప్పుడు తెర మీద ఆ ఫోటో చూసి, ఆ మనిషితోనే మాట్లాడి, ఏం చెయ్యాలో చెప్తారు. ఇదంతా నడిచేది వ్యాన్‌తో పాటు తిరిగే ఒక శాటిలైట్ యాంటెన్నా మీద. దాన్ని దింపి, పెట్టి, ఎత్తే మనిషి ఒకరు కావాలని ఆఫీసువాళ్ళు వెతుకుతున్నారు.

"మా మామయ్య కంటే శాటిలైట్ల సంగతి తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు సార్" అని మా అమ్మాయి పెద్దాఫీసరుకి హామీ ఇచ్చింది. ఆ మాట దానికి ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా?

చేరిన రోజు సగం పూట శిక్షణ. హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది, మా అమ్మాయి వయసే. యాంటెన్నా బయటికి తీస్తే గొడుగు ముఖం ముడుచుకుంది. గిన్నెలా లేదు, పుల్లలు లేవు, మోటారు లేదు. సూట్‌కేసు మూత అంత తెల్లటి పలక.

"ఇది డిష్ కాదండీ" అంది ఇంజనీరమ్మ. "నాలుగు వైపులా ఆకాశం విశాలంగా కనిపించే చోట నేల మీద పెట్టండి చాలు. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

"అంతా అదే చూసుకుంటే నన్నెందుకు పెట్టుకున్నారమ్మా?"

"మొయ్యడానికి" అని నవ్వింది ఆ అమ్మాయి.

వేళాకోళానికే అంది పాపం. కానీ అక్కడితో మావాడి చెవులు మూసుకుపోయాయి. టీ తాగి, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, పలక వాడే పద్ధతి రాసిన చిన్న పుస్తకం ఒకటిస్తే మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు బావా" అన్నాడు నాతో. "నన్ను కూలివాణ్ణి చేసింది."

"ఆ పిల్లకేం తెలుసురా గొడుగూ, నువ్వు పాలగిన్నె మూతతో బ్యాంకు నడిపించినవాడివి" అన్నాను నేను. ఎగదొయ్యడంలో నా అంతవాడు లేడు.

మర్నాడే అతను చెక్కముక్క ఒకటి తెచ్చి, చిత్రిక పట్టి, మూడు వేళ్ళ మందాన ఏటవాలుగా చేసుకున్నాడు. వ్యాన్ ఎక్కడ ఆగినా ఎత్తుగా ఉన్న ఒక గోడ చూసుకుని, పిల్లల కాళ్ళకి అడ్డు రాకుండా, ఎండ తగలకుండా, ఆ గోడ వారనే పలక పెట్టేవాడు. కింద ఒక పక్క చెక్కముక్క దూర్చి, తన పాత శాటిలైట్ వైపు వంచేవాడు. గోడకీ వ్యాన్‌కీ మధ్య సందులోంచి ఆ ఒక్క చోటు కనిపిస్తే చాలు. "ఆకాశమంతా మనకెందుకమ్మా?" అనేవాడు మా అమ్మాయితో. "శాటిలైట్ ఉండే చోటు నాకు తెలుసు. దానికి కిటికీ అంత సందు చాలు."

అమ్మాయి నమ్మింది. గొడుగు మామయ్యకి తెలియనిదా?

మొదటి రోజు నుంచే డాక్టరు గారితో కాల్ తెగిపోవడం మొదలైంది. మూడు నాలుగు నిమిషాలు బాగానే ఉండేది. ఇంతలో తెర మీద డాక్టరు గారు నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయేవారు. రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చేది. మళ్ళీ పోయేది. ఒక్కో మనిషికి మూడుసార్లు మొదట్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. సాయంత్రం అయ్యేసరికి బయట బల్లల మీద సగంమంది మిగిలిపోయేవారు.

వాళ్ళల్లో ఒక దర్జీ ఉండేవాడు. రేవు కాలనీలో చిన్న కొట్టు. మంచి మాటకారి. తెర మీద డాక్టరు గారు బిగుసుకుపోతే, "ఏంటమ్మా, నా కన్ను చూసి డాక్టరు గారికి నోట మాట రాలేదా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. మొదటిసారి వచ్చినప్పుడు చూపించుకోకుండానే వెళ్ళిపోయాడు. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అంతే. "సూదిలో దారం ఎక్కించడం మా ఆవిడ వంతయింది అమ్మా, తొందరగా చూపించు, ఇంట్లో పరువు పోతోంది" అని చెప్పి వెళ్ళాడు.

ఆర్నెల్లు కాకుండానే ఆఫీసు నుంచి మా అమ్మాయికి కాగితం వచ్చింది. మిగతా నాలుగు వ్యాన్‌లలో కాల్స్ సరిగ్గా ఉన్నాయి, నీ వ్యాన్‌లోనే ఎందుకు తెగుతున్నాయి, వారం లోపల సంజాయిషీ ఇవ్వు అని. అమ్మాయి ఆ కాగితం పట్టుకుని ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. మా ఆవిడ, నేను, గొడుగు, ముగ్గురం ఉన్నాం.

"మామయ్యా, ఏమని రాయను?"

గొడుగు పెదాలు విడివడ్డాయి. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను, ఆ పెదాల మీద ఉన్న మాట 'నాకు తెలియడం లేదమ్మా' అన్నదే. ఆ ఒక్క మాట బయటికొస్తే అక్కడితో అయిపోయేది. ఇంజనీరమ్మ వచ్చి ఒక్క చూపులో తేల్చేసేది. కానీ అతని ఇబ్బంది చూడలేక నేను మధ్యలో దూరాను.

"ఏముందమ్మా, ఆ శాటిలైట్‌కి వయసైపోయింది. నాలాగే మధ్యాహ్నం అయ్యేసరికి కునికిపాట్లు పడుతూ కుర్చీలోంచి జారుతోంది."

మా ఆవిడ నవ్వింది. అమ్మాయి నవ్వింది. గొడుగు నవ్వలేదు. నీళ్ళల్లో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకున్నాడు.

"మీ నాన్న వేళాకోళంగా అన్నా అందులో విషయం ఉందమ్మా. పాతబడ్డ శాటిలైట్లు చోటు తప్పుతాయి. నేను చూశాను. మనకి దొరికింది అలాంటిదే అయ్యుంటుంది."

అమ్మాయి నవ్వు ఆపి కలం తీసింది. "శాటిలైట్ తన స్థానం నుంచి జారుతున్నందువల్ల" అని రాసుకుంది. వ్యాన్ దగ్గరికి వచ్చేవాళ్ళకి కూడా అదే చెప్పింది.

సంజాయిషీ పంపిన మర్నాడు వ్యాన్ ఒక బడి ఆవరణలో ఆగింది. గొడుగు అలవాటు ప్రకారం గోడ దగ్గరికి వెళ్తే బడి కాపలావాడు చీపురు పట్టుకుని అడ్డొచ్చాడు. "రంగేశాం, ఇంకా ఆరలేదు. ఆ గోడ జోలికి వచ్చారో, మీ పలకకి కూడా నీలం పులిమేస్తా." మావాడికి ఒళ్ళు మండింది. మైదానం నట్టనడిమికి వెళ్ళి, చెక్కముక్క లేకుండా, వంచకుండా, విసురుగా పలక నేల మీద పడేశాడు. ఇవాళ ఒక్క నిమిషం కూడా రాదులే, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి అని వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడట.

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదింటి దాకా కాల్ ఒక్కసారి కూడా తెగలేదు.

"మామయ్యా, ఇవాళ శాటిలైట్ ఆరోగ్యం బాగున్నట్టుందే!" అంది అమ్మాయి వ్యాన్‌లోంచి తల బయటపెట్టి. ఇతను లేచి వెళ్ళి మైదానం మధ్యలో పలక చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం నేను వసారాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. గొడుగు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి ఆ చిన్న పుస్తకం తీశాడు. ఆర్నెల్లుగా విప్పని మడత అప్పుడు విప్పినట్టుంది, నలిగిన చోట ఇంకా తెల్లగా ఉంది.

"బావా, అవి కూర్చోవు" అన్నాడు.

"ఏవి?"

"శాటిలైట్లు. ఇవి నావి కావు బావా. నాది ముప్పై ఆరు వేల కిలోమీటర్ల పైన కూర్చుని ఉంటుంది. ఇవి ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తునే పరుగెడుతున్నాయి. గంటన్నరలో భూమి చుట్టూ తిరిగొస్తాయి. మన నెత్తి మీద ఉండేది నాలుగు నిమిషాలు. అందుకే ఒకటి కాదు, వేలు ఉన్నాయి. ఒకటి అటు దిగిపోయేలోపు పలక ఇంకోదాన్ని అందుకోవాలి."

"పలక కదలదు కదా, ఎలా అందుకుంటుంది?"

"చూపు కదులుతుంది." బఠాణీలు నాలుగు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. "లోపల ఇలాంటి బుల్లి యాంటెన్నాలు వందలున్నాయట. వందమంది వరసగా నిలబడి అందరూ ఒకేసారి చప్పట్లు కొడితే చప్పుడు ఎదురుగా వెళ్తుంది. ఈ చివర మనిషి ముందు, ఆ చివర మనిషి చివర, ఒకరి తర్వాత ఒకరు రెప్పపాటు తేడాతో కొడితే ఆ అల పక్కకి వంగుతుంది. ఇదీ అంతే. ఏ బుల్లిది ఎంత ఆలస్యంగా పలకాలో మారుస్తూ పోతే, పలక నేల మీదే పడుకుని, చూపు మాత్రం శాటిలైట్ వెంట పరుగెడుతుంది. తనెక్కడుందో దానికి తెలుసు. ఏ శాటిలైట్ ఏ క్షణానికి ఎక్కడికొస్తుందో లెక్క కట్టిన పట్టిక ఉంటుంది. దానికి నన్నడగాల్సిన పని లేదు. ఆకాశం కనిపిస్తే చాలు."

బఠాణీలు మళ్ళీ గిన్నెలో వేశాడు.

"ఆకాశాన్ని దానికి కిటికీ అంత చేసి చూపించాను బావా. శాటిలైట్ ఆ కిటికీ దాటగానే దానికి కళ్ళు పోతున్నాయి. ఆర్నెల్లు. రేపు పొద్దున్నే అమ్మాయికి చెప్పేస్తాను."

ఇక్కడ నేను చెయ్యాల్సింది 'మంచిది, పద, నేనూ వస్తాను' అనడం. నేనన్నది ఇది: "నోరు మూసుకో. చెప్తే ఏమవుతుంది? ముప్పై ఏళ్ళుగా మనం చెప్పుకున్నదంతా గంగపాలు. రేపటి నుంచి మైదానం మధ్యలో పెట్టు. కాల్ తెగదు. తెగకపోతే ఎవరడుగుతారు?"

అతను ఊరట పడ్డవాడిలా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మూడు రోజులకి వ్యాన్ రేవు కాలనీకి వెళ్ళింది. పలక నడిరోడ్డు కూడలిలో, చుట్టూ తాడు కట్టి పెట్టాడు గొడుగు. కాల్ దారంలా సాగింది. దర్జీ మొదటి కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు గారు చాలాసేపు చూసి, "నెల్లాళ్ళ ముందు చూడగలిగి ఉంటే ఎడమ కన్ను ఇంకొంచెం నిలబెట్టేవాళ్ళం. పోయింది రాదు. ఉన్నది కాపాడుకుందాం, ఎల్లుండే ఆసుపత్రికి రండి" అన్నారు. దర్జీకి ఆ రోజు హాస్యం రాలేదు. లేచి, మా అమ్మాయి ముఖం చూసి, అతనే ఓదార్చాడు: "నువ్వేం చేస్తావమ్మా, పైన శాటిలైట్ జారిపోతే."

మెట్టు పక్కన నిలబడి ఇది విన్నాడు గొడుగు. సాయంత్రం వచ్చి నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అప్పుడైనా నా నోరు ఊరుకుందా? "ఇప్పుడు చెప్తే ఆ కన్ను తిరిగొస్తుందా?" అన్నాను.

నా జీవితంలో చాలా మాటలు అన్నాను. అంత నీచమైనది ఇంకోటి లేదు.

ఆ వారమే రెండో కాగితం వచ్చింది. మా అమ్మాయి నిలబడే చదివింది. సంజాయిషీ ఇచ్చిన మర్నాటి నుంచే కాల్స్ తెగడం ఆగిపోయింది కాబట్టి, తప్పు పరికరానిది కాదు, నిర్లక్ష్యం వ్యాన్ టెక్నీషియన్‌దేనని తేలింది. పైగా ఈ శాటిలైట్లు ఒక స్థానంలో ఉండేవే కావు కాబట్టి, జారడం అన్న కారణం కల్పించినది. సోమవారం విచారణకి రావాలి. ఆ తర్వాత వ్యాన్ వేరొకరికి అప్పగించి, వార్డు కౌంటరుకి మార్చడం జరుగుతుంది.

మేం దాచింది అమ్మాయి మీదకే సాక్ష్యమై తిరిగొచ్చింది. ఇతను కోపంతో పలక మైదానంలో పడేసిన రోజే, అమ్మాయి భయపడి దారికొచ్చిన రోజని వాళ్ళు రాసుకున్నారు.

"మామయ్యా, జారుతుందని నువ్వే కదా చెప్పావు?"

గొడుగు కుర్చీ వెనక్కి జరిపాడు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మాయి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. తన డైరీ తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుని పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. "నేనే ఏదో తప్పు చేసుంటాను. ఆ బడి దగ్గర ఆగిన రోజు నుంచి మారింది. ఆ రోజు ఏం మార్చాను? కెమెరా వైరు మార్చానా? కంప్యూటరు ముందు ఆన్ చేశానా?" అని తనలో తనే అనుకుంటూ వేలితో ఒక్కో గీతా చదువుతోంది. పలక మామయ్య చూసుకునేది కాబట్టి అటువైపు దాని ఆలోచనే పోలేదు. మా ఆవిడ దాని వీపు మీద చెయ్యి వేసింది. గొడుగు లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళే బస్సు స్టాపులో అతను నాకంటే ముందే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "నేను చెప్పేస్తున్నాను బావా. నువ్వు ఆపినా ఆగను."

"ఆపను. నేనూ వస్తాను."

నిజం చెప్పాలంటే నేను బయల్దేరింది ఆ సమయానికి ఏదో ఒకటి అల్లి అందరినీ గట్టెక్కించవచ్చునని. దారిలో మూడు కథలు సిద్ధం చేసుకున్నాను కూడా.

విచారణ గది ముందు నడవాలో బల్ల మీద కూర్చున్నాం. తలుపు సగం తెరిచే ఉంది. లోపల పెద్దాఫీసరు, పక్కన ఆ ఇంజనీరమ్మ, ఎదురుగా మా అమ్మాయి, ఒళ్ళో డైరీ. "ఏం మార్చారో మీకే తెలియకపోతే ఎలాగమ్మా?" అంటున్నాడాయన. గొడుగు లేచాడు. పిలవకుండానే లోపలికి వెళ్ళాడు.

"ఆ అమ్మాయి ఏమీ మార్చలేదు సార్. మార్చింది నేను."

చెప్పాడు. గోడ, చెక్కముక్క, కిటికీ అంత సందు, అన్నీ. మధ్యలో ఇంజనీరమ్మ ఆపుకోలేక అడిగింది: "వంచి పెట్టారా? ఎటువైపు?" అతను చూపించాడు. ఆమె ఒక్క క్షణం లెక్క చూసుకుని, "అయ్యో, అది పాత శాటిలైట్ దిక్కు కదా" అంది. అందులో వెటకారం లేదు. "ఆ రోజు నేను సరిగ్గా చెప్పి ఉండాల్సింది."

"నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా. నేను వినలేదు."

పెద్దాఫీసరు కళ్ళజోడు తీశాడు. "మీకు ఈ విషయం ఎప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులైంది సార్."

అప్పటిదాకా మామయ్య వైపు జాలిగా చూస్తున్న మా అమ్మాయి ముఖంలో ఆ జాలి ఆరిపోవడం తలుపు సందులోంచి నేను చూశాను. తెలియక చేసినదాన్ని అది అప్పటికే క్షమించేసింది. ఈ పదకొండు రోజుల్ని మాత్రం క్షమించలేకపోయింది.

వ్యాన్ దాని దగ్గరే ఉంచారు. గొడుగుని ఆ రోజు నుంచే తీసేశారు. పాత సంజాయిషీ రద్దు చేసి, జరిగింది జరిగినట్టు రాసిన కాగితం ఒకటి మధ్యాహ్నం లోపల ఫైల్లో పెట్టమన్నారు.

అమ్మాయి బయటికొచ్చింది. గొడుగుని దాటి నా ముందు నిలబడింది.

"నాన్నా, నీకెప్పుడు తెలిసింది?"

మూడు కథలూ నాలుక చివరే ఉన్నాయి. మూడూ మంచివే.

"అదే రోజు" అన్నాను.

అది తల ఊపింది. రెండు తెల్లకాగితాలు, రెండు కలాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇద్దరూ రాయండి. ఏం జరిగిందో అంతే. నాన్నా, మరీ ముఖ్యంగా నువ్వు."

నేను మొదలుపెట్టాను. "ముప్పై ఏళ్ళ అనుభవంతో ఆకాశాన్ని అరచేతిలో" అని రాశానో లేదో, అది వంగి చూసి, కాగితం లాక్కుని, చింపి, ఇంకోటి పెట్టింది. రెండోది "విధివశాత్తూ" అని మొదలైంది. అదీ చిరిగింది. మూడో కాగితం ముందు కలం పట్టుకుని నేను ఖాళీగా కూర్చున్నాను. అలంకారం తీసేస్తే నా దగ్గర వాక్యమే లేదు.

అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. వీపు మా వైపు ఉంది. కింద వ్యాన్ దగ్గర డ్రైవరు అద్దాలు తుడుస్తున్నాడు.

పక్కన గొడుగు రాస్తూనే ఉన్నాడు. ఒక్కో అక్షరం నట్టు బిగించినట్టు రాస్తాడు. సగంలో ఆగి, మెల్లగా, అమ్మాయికి వినపడకుండా అడిగాడు.

"బావా, 'పదకొండు రోజులు చెప్పలేదు' అని రాస్తే సరిపోతుందా, 'దాచాను' అని రాయాలా?"

మాటల మనిషినని నన్నడిగాడు. జన్మలో మొదటిసారి సరైన మాట కోసం నా దగ్గరికి వచ్చాడు.

"దాచాను అని రాయి" అన్నాను.

రాశాడు. నేను నా కాగితం దగ్గరికి లాక్కున్నాను. అతని కాగితంలోకి చూసి, అదే మాట నేనూ రాశాను.